టోపోవ్యూ, లైడార్: అడవిలో కలిసిపోయిన పాత ఇళ్ల చోట్లు పట్టుకోవడానికి ఈ ఉచిత సేవలు ఎంతవరకు పనికొస్తాయి?

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఇవాళ అడవిగా కనిపించే నేలలో చాలా భాగం ఒకప్పుడు పొలం. 19వ శతాబ్దం నడిమికి న్యూ ఇంగ్లండ్ దక్షిణ, మధ్య ప్రాంతాల్లో సగానికి మించిన నేల మీద చెట్టన్నది లేదు. గొర్రెల మేత బయళ్లు, గడ్డి చేలు, పొలంలో ఏరిన రాళ్లతో కట్టిన గోడలు, అంతే. 1825లో ఈరీ కాలువ తెరుచుకున్నాక పడమటి ధాన్యం చవగ్గా దిగింది. రాయి తగలని నల్లనేల ఉందని తెలిసి జనం అటు కదిలారు. వదిలేసిన ఇంటి కప్పు కూలింది, దూలాలు పుచ్చిపోయాయి, నేలమాళిగ గుంతలో మేపుల్ చెట్టు మొలిచింది. పాటిదిబ్బ అనే తెలుగు మాటకు సరిగ్గా అతికే చోట్లు ఇవి. ఒకప్పుడు మనుషులు కాపురమున్న మన్ను.

మెటల్ డిటెక్టర్ పట్టినవాళ్లకు కావలసింది ఈ చోట్లే. చిక్కంతా అవి ఎక్కడున్నాయో తెలుసుకోవడంలోనే ఉంది. డిటెక్టర్ ఎంత ఖరీదైనదైనా కాయిల్ (నేల మీద ఊపే గుండ్రటి పళ్లెం) కింద ఒక అడుగు లోతు చూడటమే గొప్ప. వందల ఎకరాల అడవిలో దాన్ని ఏ మూల దింపాలో చెప్పే సరంజామా వేరు. అందుకోసం ఎక్కువమంది ముందు తెరిచేది యూఎస్ జియలాజికల్ సర్వే, అంటే యూఎస్‌జీఎస్, నడిపే పాత మ్యాపుల వెబ్‌సైటు టోపోవ్యూ. ఈ సమీక్ష ముఖ్యంగా దాని గురించి. దానికి జతగా వాడి తీరాల్సిన అదే సంస్థ లైడార్ డేటా, అంటే విమానం నుంచి లేజర్‌తో కొలిచిన నేల ఎత్తుల సమాచారం, దాని గురించి కూడా. రెండింటికీ పైసా కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. టోపోవ్యూ మిమ్మల్ని సరైన కొండ దాకా తీసుకెళ్తుంది, సరైన చెట్టు దాకా తీసుకెళ్లదు. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది: అన్నిటికన్నా పాత ఇళ్లు అందులో అసలు ఉండవు. ఈ రెండూ తెలిసి వాడితే దీన్ని మించిన సాధనం లేదు. తెలియకుండా వాడితే వారాంతాలు వృథా అవుతాయి.

టోపోవ్యూ: ఏ మ్యాపు తీసుకోవాలి

1884 నుంచి 2006 దాకా యూఎస్‌జీఎస్ అచ్చువేసిన టోపోగ్రాఫిక్ (నేల ఎత్తుపల్లాలు చూపే) మ్యాపులు, లక్షన్నరకు పైగా, ఇక్కడ స్కాన్ చేసి పెట్టారు. వాడటం తేలిక. మీకు కావలసిన ప్రాంతానికి జూమ్ చేసి నొక్కితే ఆ చోటును కప్పే మ్యాపులన్నీ ఏడాదితో, స్కేలుతో సహా పక్కన వరసగా వస్తాయి. స్కేలు దగ్గర 1:62,500 ఎంచుకోండి. పదిహేను నిమిషాల క్వాడ్ అనేది ఇదే, అంటే అక్షాంశ రేఖాంశాల్లో పావు డిగ్రీ చొప్పున కప్పే మ్యాపు పలక. మ్యాపు మీద ఒక అంగుళం నేల మీద దాదాపు ఒక మైలు. పాత ఇళ్ల పనికి ఇదే గుండెకాయ. 1:24,000 మ్యాపుల్లో వివరం ఎక్కువే, కానీ చాలా ప్రాంతాల్లో అవి వచ్చింది రెండో ప్రపంచయుద్ధం తర్వాత. అప్పటికి మనం వెతికే ఇల్లు నేలమట్టమైపోయింది. 1:125,000 మ్యాపుల్లో ఇళ్ల గుర్తులైన నల్ల చుక్కలున్నా స్థానం మరీ మోటుగా ఉంటుంది. వాటిని పాత దారుల కోసం చూడండి చాలు.

గుర్తుల భాష నేర్చుకోవడానికి పావుగంట పట్టదు. నిండుగా నల్లటి చిన్న చతురస్రం ఇల్లు. దాని నెత్తిన జెండా ఉంటే బడి, శిలువ ఉంటే చర్చి. తర్వాతి కాలపు మ్యాపుల్లో లోపల ఖాళీగా ఉన్న చతురస్రం గాదె, పశువులకొట్టం లాంటివి. జంట గీతలు ముక్కలు ముక్కలుగా పోతుంటే బాగుచేయని బండిబాట, ఒంటి గీత ముక్కలుగా పోతుంటే కాలిబాట. ఇళ్లకంటే ఈ దారుల మీదే ఎక్కువ కన్ను పెట్టండి. 1890ల మ్యాపులో బండిబాటగా ఉండి, 1940ల మ్యాపులో కాలిబాటగా మారి, ఇప్పటి మ్యాపులో మాయమైన దారి దొరికిందంటే, దాని వెంబడి ఉన్న ప్రతి చుక్కా పరిశీలించదగ్గదే. ఇప్పటికీ తారు పడి బండ్లు తిరిగే రోడ్డు పక్కన చుక్క అయితే, ఆ ఇంట్లో ఎవరో ఇంకా కాపురముండే ఉంటారు.

దించుకునేటప్పుడు నాలుగు రకాల ఫైళ్లు కనిపిస్తాయి. క్యూజీఐఎస్ లాంటి మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో వాడాలంటే జియోటిఫ్, గూగుల్ ఎర్త్‌లో చూడాలంటే కేఎంజెడ్, ఫోన్‌లో అడవికి తీసుకెళ్లాలంటే జియోపీడీఎఫ్. నాలుగోది జేపెగ్, ఇది బొమ్మ మాత్రమే. అక్షాంశ రేఖాంశాల సమాచారం దాంతో రాదు. సైజు చిన్నదని జేపెగ్ దించుకుని, తర్వాత దాన్ని ఇప్పటి మ్యాపు మీద అతికించడానికి గంటలు కష్టపడటం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు.

ఇక్కడ అందరూ దాటేసి పోయేది మ్యాపు అంచు. వరసలో కనిపించే ఏడాదిని చూసి అప్పటికి ఆ ఇల్లు ఉందని అనుకోకూడదు. 1930లలో పునర్ముద్రించిన మ్యాపుకు సర్వే 1880లలో జరిగి ఉండొచ్చు. కింది అంచున సర్వే ఎప్పుడు, ఎడిషన్ ఎప్పుడు, పునర్ముద్రణ ఎప్పుడు అని విడివిడిగా అచ్చువేసి ఉంటుంది. సర్వే ఏడాది ఒక్కటే లెక్క. తర్వాతి అచ్చుల్లో కొన్ని రోడ్లు దిద్ది, ఇళ్లను అలాగే వదిలేసిన మ్యాపులు ఉన్నాయి. కాబట్టి మూడు అచ్చుల్లో చుక్క కనిపించినంత మాత్రాన ఆ ఇల్లు యాభై ఏళ్లు నిలిచిందని కాదు.

చుక్కను ఎంత నమ్మొచ్చు

లెక్క వేసి చూస్తే భ్రమ వదిలిపోతుంది. 1:62,500 మ్యాపు మీద ఇంటి గుర్తు అర మిల్లీమీటరు ఉందనుకుందాం. నేల మీద అది 31 మీటర్లు. అంటే ఆ నల్ల చతురస్రం కప్పే చోటులో అసలు ఇల్లు పది సార్లు పడుతుంది. దానికి తోడు రోడ్డు గీత. నిజం రోడ్డు ఐదారు మీటర్లే అయినా జంట గీతగా గీసేసరికి మ్యాపు మీద ముప్ఫై మీటర్లకు పైగా లావవుతుంది. ఇల్లు ఆ గీతలో మునిగిపోకుండా గీసేవాళ్లు దాన్ని పక్కకు జరిపారు. రోడ్డుకు పది మీటర్లలో ఉన్న ఇల్లు మ్యాపులో నలభై మీటర్ల అవతల కనిపించడానికి కారణం ఇదే.

1947 నాటి జాతీయ ప్రమాణం ప్రకారం ఈ స్కేలులో పరీక్షించిన బిందువుల్లో 90 శాతం అంగుళంలో యాభయ్యో వంతు లోపల ఉండాలి. నేల మీద అది 104 అడుగులు. 1:24,000 మ్యాపుకైతే 40 అడుగులు. 1890ల మ్యాపులు ఆ ప్రమాణం పుట్టకముందువి. బల్ల మీద కాగితం పరిచి, చూపు రేఖలు గీసుకుంటూ కొలిచినవి. వాటిని 1947 కొలబద్దతో తూచడం కుదరదు.

దీనికి తోడు డేటమ్ తేడా. డేటమ్ అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కించడానికి పట్టుకునే ఆధారం. 20వ శతాబ్దం నడిమి మ్యాపుల్లో చాలావరకు 1927 నాటి నార్త్ అమెరికన్ డేటమ్ మీద ఉంటాయి, 1890ల మ్యాపులు అంతకంటే పాత ఆధారాల మీద, ఫోన్ జీపీఎస్ డబ్ల్యూజీఎస్84 మీద నడుస్తుంది. జియోటిఫ్‌ను సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే అదే సర్దుకుంటుంది. మ్యాపు అంచున ఉన్న అంకెలు చూసి చేత్తో అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టి ఫోన్‌లో కొడితే మాత్రం పదుల మీటర్లు పక్కకు పోతారు.

ఇవన్నీ కలుపుకుంటే చుక్క చుట్టూ 100 మీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీసుకోవాలి. ఆ వృత్తం విస్తీర్ణం 3.1 హెక్టార్లు, దాదాపు ఎనిమిది ఎకరాలు. పొదలు, పడిపోయిన చెట్లు ఉన్న చోట ఎనిమిదెకరాలు కాయిల్‌తో ఊడ్చడం ఒక సీజన్ పని. అందుకే టోపోవ్యూ దగ్గరే ఆగిపోతే లాభం లేదు.

లైడార్: గుంతను గుంతగా చూడటం

విమానం నుంచి లేజర్ కిరణాలు పంపి, ఆకుల సందుల్లోంచి నేలను తాకి తిరిగొచ్చిన వాటిని మాత్రం ఏరి, చెట్లు లేని నేల నమూనా తయారుచేస్తారు. యూఎస్‌జీఎస్‌లో ఈ కార్యక్రమం పేరు 3డీ ఎలివేషన్ ప్రోగ్రామ్, పొట్టిగా 3డీఈపీ. క్వాలిటీ లెవెల్ 2 డేటాలో చదరపు మీటరుకు కనీసం రెండు లేజర్ పల్సులు, లెవెల్ 1లో కనీసం ఎనిమిది. నిలువు కొలతలో పొరపాటు 10 సెంటీమీటర్ల స్థాయిలో ఉండాలన్నది నియమం. మోకాలి ఎత్తు రాతిగోడ పట్టుకోవడానికి అది చాలు.

ముందు నేషనల్ మ్యాప్ వ్యూయర్‌లో 3డీఈపీ ఎలివేషన్ పొర పెట్టి హిల్‌షేడ్, అంటే ఒక పక్క నుంచి వెలుగు వేసి నీడలతో నేలను చూపే బొమ్మ, చూడండి. తొలి చూపుకు అది సరిపోతుంది. అనుమానం తగిలిన చోటుకు మాత్రం డేటా దించుకోవాలి. డౌన్‌లోడ్ పేజీలో ఒక మీటరు డీఈఎం (నేల ఎత్తుల నమూనా) అని ఉన్నదే తీసుకోండి. పది కిలోమీటర్ల చదరం పలకలుగా వస్తుంది, ఫైలు పెద్దదే. పక్కనే ఉన్న మూడో వంతు ఆర్క్ సెకండ్ డేటా చిన్నగా ఉందని దాన్ని దించుకుంటే దాని ఒక్కో పిక్సెల్ సుమారు పది మీటర్లు. ఆరు మీటర్ల నేలమాళిగ గుంత అందులో ఒక్క పిక్సెల్ కూడా కాదు. లైడార్‌లో ఏమీ కనపడటం లేదనేవాళ్లు ముందు సరిచూసుకోవాల్సింది ఇదే.

రెండో పొరపాటు ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి. ఒక మీటరు డీఈఎం యూటీఎం అనే పద్ధతిలో, మీటర్లలో వస్తుంది. దాన్ని అలాగే ఉంచండి. డిగ్రీల్లోకి మార్చి హిల్‌షేడ్ చేస్తే ఎత్తు మీటర్లలో, పొడవు వెడల్పులు డిగ్రీల్లో ఉండి లెక్క తప్పుతుంది. తెర మీద నలుపు తెలుపు మరకలు తప్ప నేల కనపడదు.

క్యూజీఐఎస్‌లో పొర స్టైల్‌ను హిల్‌షేడ్‌కు మార్చగానే వెలుగు 315 డిగ్రీల నుంచి, అంటే వాయవ్యం నుంచి, 45 డిగ్రీల ఎత్తులో పడుతుంది. ఆ ఎత్తును 25 లేదా 30కి దించండి. ఏటవాలు ఎండలో గట్ల నీడ సాగినట్టే ఇక్కడా చిన్న గోడలు తేలతాయి. ఎత్తును సాగదీసి చూపే జెడ్ ఫాక్టర్ 2 పెడితే ఇంకా స్పష్టం. వెలుగు దిక్కుకు సమాంతరంగా పోయే గోడ నీడ వేయదు, కాబట్టి మాయమవుతుంది. ఇంకోసారి 45 డిగ్రీల దిక్కు నుంచి వెలుగు వేసి చూడండి, లేదా అన్ని వైపుల వెలుగు కలిపే ఆప్షన్ పెట్టండి. నేల వాలు ఎంతుందో చూపే స్లోప్ మ్యాపు కూడా ఒకటి చేసుకోండి. దానికి వెలుగు దిక్కుతో పనిలేదు. నిటారు అంచులన్నీ విడిగా తేలతాయి. రాతిగోడ సన్నటి జంట గీతలా, గుంత చదరపు ఉంగరంలా కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక గుంతను దగ్గరగా చూద్దాం. వెలుగు వాయవ్యం నుంచి, అంటే తెర మీద ఎడమ పైమూల నుంచి పడుతోంది. గుంత అయితే దాని వాయవ్యపు అంచు లోపలి వైపు నీడలో పడుతుంది, ఎదుటి ఆగ్నేయపు అంచు వెలుగుతుంది. ఎడమ పైన నలుపు, కుడి కింద తెలుపు. దిబ్బ అయితే సరిగ్గా తిరగబడుతుంది, ఎడమ పైన తెలుపు, కుడి కింద నలుపు. కంటికి అలవాటయ్యే దాకా గుంత దిబ్బలా, దిబ్బ గుంతలా కనిపించడం మామూలే. దగ్గర్లోని వాగును చూసి కన్ను సర్దుకోండి, వాగు పల్లమని తెలుసు కదా. ఇంటి గుంత ఐదు నుంచి తొమ్మిది మీటర్ల చదరంలో, మూలలు కొంత గుండ్రబడి ఉంటుంది. పక్కన చిన్న చదును. పెద్ద పొయ్యి గొట్టం నడిమిన ఉన్న పాత ఇళ్లలో గుంత మధ్యలో రాళ్ల కుప్ప తేలి, చదరం కాస్తా గుర్రపునాడాలా కనిపిస్తుంది. అలాంటిది తెర మీద కనిపిస్తే తొందరగా బూట్లు వేసుకోవచ్చు.

మోసం చేసేవి కొన్నున్నాయి. గాలికి వేళ్లతో సహా కూలిన చెట్టు గుంతనూ, పక్కనే దిబ్బనూ వదులుతుంది. అది రెండు మూడు మీటర్లే, దాని దిబ్బ ఎప్పుడూ ఒకే పక్కన. కనెక్టికట్ వాయవ్య కొండల్లో వందల సంఖ్యలో కనిపించే గుండ్రటి చదునులు బొగ్గు కాల్చిన వేదికలు. పది మీటర్ల పైచిలుకు వెడల్పుంటాయి, లోతు ఉండదు, వాలులో చెక్కినట్టుంటాయి. వాటి దగ్గర బొగ్గు తప్ప పెద్దగా ఏమీ దొరకదు. రోడ్డు పక్క మట్టి తీసుకున్న గోతులకు ఒకవైపు తెరిచి బండి దిగే వాలు ఉంటుంది.

గుంత ఒక్కదాన్నే వెతక్కండి, చుట్టుపక్కల చదవండి. రెండు రాతిగోడలు 10 నుంచి 20 మీటర్ల ఎడంతో సమాంతరంగా పోతుంటే అది పాత ఊరి రోడ్డు. రెండు నుంచి నాలుగు రాడ్ల వెడల్పు అప్పటి వాడుక, ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు. పెద్ద మేత బయళ్ల గోడలు విడివిడిగా పోతూ పోతూ ఒకచోట చిన్న చిన్న గదుల్లా దగ్గరపడ్డాయంటే అక్కడే దొడ్డి, పెరడు, ఇల్లు. వాలులోకి చొప్పించిన మూడు గోడల పెద్ద దీర్ఘచతురస్రం గాదె. ఇల్లు దానికి కనుచూపు దూరంలోనే ఉంటుంది, చాలాసార్లు రోడ్డుకు అవతలి పక్కన.

ఇప్పుడు ముందు చెప్పిన పెద్ద సంగతికి వద్దాం. యూఎస్‌జీఎస్ సర్వేలు ఇక్కడ మొదలైంది 1880లలో. 1830, 1840లలోనే వదిలేసిన ఇల్లు అప్పటికే గుంత. సర్వేవాళ్లకు అది ఇల్లు కాదు కాబట్టి చుక్క పెట్టలేదు. లైడార్‌లో గుంత, గాదె, గోడలు, దారి అన్నీ ఉండి, ఏ టోపో మ్యాపులోనూ చుక్క లేదంటే నిరుత్సాహపడకండి, ముందు అక్కడికే వెళ్లండి. చుక్కల వెంట పరుగెత్తేవాళ్ల కాయిల్ అక్కడ పడి ఉండదు. 1793 నుంచి 1857 దాకా ముద్రించిన పెద్ద రాగి సెంటు నాణేలు, చదును గుండీలు, బూట్ల బకిల్సు దొరికే అవకాశం ఇలాంటి చోటే ఎక్కువ. అనుమానం తీరాలంటే 1850లలో హెన్రీ వాలింగ్ గీసిన కౌంటీ గోడ మ్యాపులు, 1870ల చుట్టూ వచ్చిన బీర్స్ అట్లాసులు చూడండి. ప్రతి ఇంటి పక్కనా యజమాని పేరు అచ్చువేసి ఉంటుంది. వీటిలో దూరాలు కొలవకండి, వరస లెక్కపెట్టండి. వంతెన దాటాక ఎడమ పక్క మూడో ఇల్లు అనేది 170 ఏళ్ల తర్వాత కూడా నిలబడే ఆనవాలు. మీటర్ల లెక్క నిలబడదు.

లైడార్ ఓడిపోయే చోట్లు

దట్టమైన హెమ్లాక్, పైన్ తోపుల్లో, మౌంటెన్ లారెల్ పొదల్లో కిరణాలు నేలదాకా దిగవు. అక్కడి నేలను ఉన్న కొద్ది బిందువుల మధ్య సాగదీసి పూరిస్తారు. తెర మీద పలకలు పలకలుగా, త్రిభుజాలు అతికించినట్టు కనిపిస్తే అది నేల కాదు, ఊహ. అలాంటి చోట గుంత కనపడలేదని చోటును కొట్టిపారేయకూడదు.

దక్షిణాది రాష్ట్రాల్లో కష్టం ఇంకోరకం. అక్కడి పల్లె ఇళ్లు చాలావరకు నేలమాళిగ లేకుండా రాళ్ల దిమ్మెల మీద నిలబెట్టినవి. ఇల్లు పోయాక మిగిలేది నాలుగు మూలరాళ్లు, కూలిన పొయ్యి గొట్టం కుప్ప. ఒక మీటరు డేటాలో ఆ కుప్ప రెండు మూడు పిక్సెల్స్. అక్కడ టోపోవ్యూ చుక్కకు విలువ పెరుగుతుంది. దాంతోపాటు ఊట ఎక్కడుందో చూసుకోవాలి, ఇల్లు నీటికి దూరంగా ఉండదు.

హోమ్‌స్టెడ్ అంటే కాపురముండి సాగు చేసేవాళ్లకు ప్రభుత్వం చట్టం కింద ఇచ్చిన భూమి. అలా ఇచ్చిన రాష్ట్రాల్లో, ఉదాహరణకు మిషిగన్, విస్కాన్సిన్, మిన్నెసోటా, మిస్సోరి, ఆర్కన్సా అడవుల్లో, ఇంకో ఉచిత సేవ తోడవుతుంది. అది బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వారి జీఎల్ఓ (జనరల్ ల్యాండ్ ఆఫీస్) రికార్డులు, అంటే పాత భూమి పట్టాలు, సర్వేలు. 1862 మే 20 నాటి చట్టం 160 ఎకరాలు ఇచ్చింది. ఐదేళ్లు అక్కడే ఉండి, ఇల్లు కట్టి, సాగు చేయాలన్నది షరతు. పట్టాలో హక్కు ఏ చట్టం కింద వచ్చిందో రాసి ఉంటుంది. 1820 ఏప్రిల్ 24 నాటి నగదు అమ్మకం అయితే కొన్నవాడు అక్కడ కాలే పెట్టకపోయి ఉండొచ్చు. 1862 చట్టం కింద వచ్చిన పట్టా అయితే ఇల్లు ఉండి ఉండాలి, అదీ మామూలుగా పట్టా తేదీకి కొన్నేళ్ల ముందు నుంచి. ఇది పట్టుకోవడం తెలిస్తే సగం చోట్లు తెర ముందే తేలిపోతాయి. కానీ పట్టా చూపేది అర మైలు చదరాన్ని, ఇంటిని కాదు. అప్పటి సర్వేయర్ల ఫీల్డ్ నోట్స్‌లో గుడిసె, కంచె, బండిబాట ప్రస్తావనలు ఉంటాయి. వాళ్లు నడిచింది నేలను మైలు చదరాలుగా కోసే సెక్షన్ గీతల వెంబడే కాబట్టి గీత పక్కనున్నవి నమ్మదగ్గవి, లోపలివి అంచనాలు.

నేల మీద

ఆకు రాలిన నవంబరు నుంచి మంచు పడేదాకా, మళ్లీ మంచు కరిగాక ఆకు విచ్చేదాకా, ఇదే కాలం. వసంతంలో ఇంకో సాయం దొరుకుతుంది: అడవి మధ్యలో డాఫోడిల్స్ వరసగా పూస్తే ఎవరో నాటినవే. లైలాక్ పొద, నేలను కప్పేసిన వింకా తీగ, డేలిలీ గుంపు, నీడలో బక్కచిక్కిన ఆపిల్ చెట్టు, దారి వెంట వరసగా పెద్ద షుగర్ మేపుల్స్ కూడా అంతే.

గుంత దగ్గరికి నేరుగా పరుగెత్తకండి. చేత్తో తవ్విన బావి సుమారు మీటరు వెడల్పు ఉంటుంది, లైడార్‌లో ఒక పిక్సెల్ కూడా సరిగ్గా రాదు. పైన వేసిన పలకలు పుచ్చి, ఆకులు కప్పేసి ఉంటాయి. ఇంటికి ఇరవై ముప్ఫై అడుగుల లోపే ఉండటం పరిపాటి. చేతికర్రతో ముందు నేల పొడుచుకుంటూ నడవాలి. ఒంటరిగా వెళ్లకూడదు. మ్యాపు సేవలు ఏవీ ఈ విషయంలో మిమ్మల్ని కాపాడలేవు.

డిటెక్టర్‌లో ఇనుమును పూర్తిగా మూసేయకుండా వినండి. మేకుల మోత ఎక్కడ దట్టంగా ఉందో అదే ఇల్లు నిలిచిన చోటు. గుంతలోపల కంటే బయట పని ఎక్కువ. గడప నుంచి రోడ్డు దాకా, ఇంటి నుంచి గాదె దాకా, ఊట దారి, గోడల్లో వదిలిన సందులు వెతకండి. ఆరంగుళాల కాయిల్, నెమ్మది ఊపు ఉండాలి. పెద్ద కాయిల్ కింద ఒకేసారి ఐదారు మేకులు పడితే వాటి మధ్య నాణెం గొంతు నొక్కుకుపోతుంది. మేకులే కాలం కూడా చెప్తాయి. నాలుగు పక్కలా సన్నబడే, కమ్మరి కొట్టిన మేకు అయితే 1800కు అటూఇటూ. రెండు పక్కలే సన్నబడి మిగతా రెండూ సమంగా ఉంటే యంత్రం కోసిన మేకు, 19వ శతాబ్దంలో చాలా భాగం దానిదే. గుండ్రటి తీగ మేకులు తప్ప వేరేవి లేకపోతే ఇల్లు 1890ల తర్వాతిది.

అనుమతి లేని చోట ఈ కసరత్తంతా దండగ. నేషనల్ పార్కుల్లో డిటెక్టర్ వాడటమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నిషేధం. ఫెడరల్, తెగల భూముల్లో నూరేళ్లు దాటిన పురావస్తు అవశేషాలను పర్మిట్ లేకుండా తవ్వితే 1979 నాటి ఆర్పా (పురావస్తు వనరుల రక్షణ) చట్టం వర్తిస్తుంది. తొలి నేరానికే 10,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. నష్టం విలువ 500 డాలర్లు దాటితే 20,000 డాలర్లు, రెండేళ్లు. రాష్ట్ర భూముల నియమాలు రాష్ట్రానికొకటి. ప్రైవేటు అడవి అయితే కౌంటీ పన్నుల కార్యాలయం పార్సెల్ మ్యాపులో యజమానిని చూసి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. మ్యాపులో శ్మశానం గుర్తు ఉన్నా, నేల మీద చెక్కని రాళ్లు వరసగా నిలబెట్టి కనిపించినా అక్కడ కాయిల్ ఆపేయాలి.

డబ్బు కట్టే యాప్‌ల మాట

ఇవే స్కాన్లు, ఇదే లైడార్‌ను ఫోన్ తెర మీద ఒకటిగా కలిపి నెలవారీ చందాకు అమ్మే యాప్‌లు ఉన్నాయి. అడవిలో నిలబడి ఒక మ్యాపు మీద ఇంకోటి జరిపి చూసుకోవడానికి అవి సుఖంగా ఉంటాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ చాలావాటిలో వెలుగు దిక్కు, ఎత్తు మన చేతిలో ఉండవు. ముందే తయారుచేసి పెట్టిన ఒకే హిల్‌షేడ్ ఇస్తారు. 25 డిగ్రీల వెలుగులో తేలే గోడ అందులో కనపడదు. మ్యాపు అంచులు కత్తిరించేస్తారు కాబట్టి సర్వే ఏడాది కూడా తెలియదు. వెతుకులాట ఇంట్లో టోపోవ్యూ, క్యూజీఐఎస్‌లతో ముగించి, యాప్‌ను దారి చూసుకోవడానికి మాత్రం వాడటం మేలు.

టోపోవ్యూలో మాకు నచ్చనివి రెండు. మీ చోటు క్వాడ్ మూలలో పడితే నాలుగు మ్యాపులు, నాలుగు వేర్వేరు ఏళ్లవి, విడివిడిగా దించుకోవాలి. అతుకు దగ్గర దారులు కలవవు. రెండోది, అది బ్రౌజర్‌లో నడిచేది, అడవిలో సిగ్నల్ పోతే ఖాళీ తెర. బయల్దేరే ముందు రోజే జియోపీడీఎఫ్‌ను, క్యూజీఐఎస్‌లో చేసిన హిల్‌షేడ్‌ను ఆఫ్‌లైన్ మ్యాపు యాప్‌లోకి ఎక్కించి, గుంతల స్థానాలకు గుర్తులు పెట్టి, ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి అవన్నీ తెరుచుకుంటున్నాయో లేదో ఇంట్లోనే ఒకసారి చూసుకోండి.